మీ పక్కింటి వియత్నాం వాళ్ళు ఏ సంవత్సరంలో వచ్చారు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "శాన్ హోసే వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసులో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) పెట్టుకున్నాం. ఒక్కో వంటకం పక్కన ఆ దేశం జెండా ప్రింట్ తీసి నిలబెట్టాను. వియత్నాం కొలీగ్ తెచ్చిన స్ప్రింగ్ రోల్స్ పక్కన ఎర్ర జెండా, మధ్యలో పసుపు నక్షత్రం. ఆవిడ ఏమీ అనకుండా దాన్ని తీసి, మడిచి, బ్యాగులో పెట్టేసుకుంది. నేనేం తప్పు చేశాను? అసలు వీళ్ళు ఇక్కడ ఇంతమంది ఎందుకున్నారు? అందరికీ నెయిల్ షాపులేనా? పక్కింటి పెద్దాయన తెత్ (వాళ్ళ కొత్త సంవత్సరం) పండక్కి రమ్మన్నారు. మేం శాకాహారులం. ఏం తీసుకెళ్ళాలి?"

ముందు నా సంగతి చెప్తాను. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. 1996లో శాన్ హోసే వచ్చాను. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ట్యాక్స్ రిటర్నులు రాసుకుంటూ బతుకుతున్నాను. నా ఆఫీసుకి ఇటు పక్క వియత్నాం పళ్ళ డాక్టరు, అటు పక్క బాన్ మీ శాండ్‌విచ్ కొట్టు. నా క్లయింట్లలో సగం మంది వియత్నాం వాళ్ళే. వాళ్ళ భాష నాకు రాదు. లెక్కలు, వరసలు, తిండి, తిట్లు మాత్రం వచ్చు.

జెండాతో మొదలుపెడతాను. మీరు పెట్టింది ఇప్పటి వియత్నాం ప్రభుత్వ జెండా. గూగుల్ అదే చూపిస్తుంది కాబట్టి మీ తప్పేం లేదు. కానీ మీ కొలీగ్ అమ్మానాన్నలు వచ్చింది దాదాపుగా ఆ దేశం నుంచి కాదు. వాళ్ళది సైగాన్ రాజధానిగా ఉండిన దక్షిణ వియత్నాం. 1975 ఏప్రిల్ 30న ఉత్తరాది కమ్యూనిస్టు సైన్యం చేతికి సైగాన్ చిక్కింది, ఆ దేశమే మ్యాపులో లేకుండా పోయింది. దాని జెండా పసుపుది, మధ్యలో మూడు ఎర్ర చారలు. స్టోరీ రోడ్డు మీద మాల్స్ ముందు అమెరికా జెండా పక్కనే ఎగిరేది చూసే ఉంటారు. 2006లో కాలిఫోర్నియా గవర్నరు ఆ పసుపు జెండాకి అధికారిక గుర్తింపు కూడా ఇచ్చారు. ఎర్ర జెండా ఈ పెద్దవాళ్ళకి ఒక దేశం గుర్తు కాదు. ఇల్లు లాక్కున్నవాళ్ళ గుర్తు, నాన్నని క్యాంపులో పెట్టినవాళ్ళ గుర్తు. 1999లో దక్షిణ కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక వీడియో షాపతను ఆ ఎర్ర జెండా, కమ్యూనిస్టు నాయకుడు హోచిమిన్ బొమ్మ కొట్టులో తగిలించాడు. 53 రోజులు షాపు ముందు ధర్నా జరిగింది. ఒక రాత్రయితే 15,000 మంది దాకా వచ్చారన్నారు.

మీ కొలీగ్‌కి ముప్పై ఐదు, నలభై ఏళ్ళు ఉంటాయేమో. ఇక్కడే పుట్టి ఉంటుంది. ఆవిడకి స్వయంగా ఆ జెండా మీద అంత కోపం లేకపోవచ్చు కూడా. పాట్‌లక్ ఫోటో ఎవరో ఫేస్‌బుక్‌లో పెడతారు, అందులో తను ఆ జెండా పక్కన నవ్వుతూ నిలబడి ఉంటుంది, అది వాళ్ళమ్మ చూస్తుంది. ఆ రాత్రి వచ్చే ఫోను తప్పించుకోవడానికే తీసి ఉంటుందని నా అనుమానం.

ఇక అసలు సంగతి. వియత్నాం వాళ్ళ గురించి ఎవరు ఏం చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: వాళ్ళు ఏ సంవత్సరంలో వచ్చారు? మన వాళ్ళలో హెచ్‌-1బీ మీద 1998లో వచ్చినాయనకీ, 2018లో వచ్చినాయనకీ పెద్ద తేడా ఉండదు. గ్రీన్ కార్డు క్యూ పొడవు ఒక్కటే తేడా. వీళ్ళకి అలా కాదు. వచ్చిన ఏడాదిని బట్టి జీవితమే మారిపోతుంది. చదువు, డబ్బు, మతం, భయాలు, జెండా, అన్నీ.

1975లో వచ్చినవాళ్ళు దాదాపు 1,30,000 మంది. సైన్యాధికారులు, ప్రభుత్వ ఉద్యోగులు, అమెరికన్ల దగ్గర పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. చాలామందిని ముందు గ్వామ్ దీవికి, అక్కడినుంచి అమెరికాలో నాలుగు సైనిక స్థావరాలకి తెచ్చారు: కాలిఫోర్నియాలో క్యాంప్ పెండిల్టన్, ఆర్కాన్సాలో ఫోర్ట్ చాఫీ, ఫ్లోరిడాలో ఎగ్లిన్, పెన్సిల్వేనియాలో ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్. ఎవరైనా స్పాన్సర్ చేస్తేనే బయటికి. చాలాసార్లు ఆ స్పాన్సరు ఏదో ఊరి చర్చి. ఒకేచోట గుంపుగా ఉండకూడదని ప్రభుత్వం కావాలనే దేశమంతా చెదరగొట్టింది. కొబ్బరి చెట్ల కింద పెరిగినవాళ్ళని మిన్నెసోటా మంచులో దించితే ఏమవుతుంది? రెండు మూడేళ్ళు ఓపిక పట్టి, పాత కారొకటి కొనుక్కుని, చుట్టాలున్న చోటికి, బియ్యం దొరికే చోటికి, చలి లేని చోటికి బయల్దేరారు. టెక్సాస్, కాలిఫోర్నియా అలా నిండాయి. శాన్ హోసేకి అదనంగా ఇంకో కారణం ఉంది. అప్పుడప్పుడే చిప్‌లు, డిస్క్ డ్రైవ్‌లు, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే కంపెనీలు వెలుస్తున్నాయి. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినా, చేతులు వణక్కుండా సోల్డరింగ్ చేస్తే చాలు, జీతం వస్తుంది. ఈ రోజు ఊళ్ళో వాళ్ళు లక్షకి పైనే, జనాభాలో పదో వంతు. వియత్నాం బయట ఏ ఒక్క నగరంలోనూ ఇంతమంది లేరు.

రెండో విడత పడవలవాళ్ళు. ఇది తలుచుకుంటేనే కష్టంగా ఉంటుంది. 1978 మార్చిలో దక్షిణాన ప్రైవేటు వ్యాపారాలన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. నగరాల్లోవాళ్ళని 'కొత్త ఆర్థిక మండలాలు' అనే పేరుతో అడవులకి పంపారు. కంబోడియా యుద్ధానికి కుర్రాళ్ళని పట్టుకుపోతున్నారు. చైనాతో చెడిపోయి, అక్కడ తరతరాలుగా ఉన్న చైనా మూలాలవాళ్ళు అనుమానితులయ్యారు. బంగారం రేకులు లెక్కపెట్టి ఇచ్చి, నదుల్లో తిరిగే చేపల పడవల్లో సముద్రం మీదికి బయల్దేరారు. ఇంజను చెడిపోవడం, నీళ్ళు అయిపోవడం, థాయ్‌లాండ్ సింధుశాఖలో సముద్రపు దొంగలు. 1995 నాటికి దాదాపు ఎనిమిది లక్షల మంది ఏదో ఒక తీరానికి చేరారు. రెండు నుంచి నాలుగు లక్షల మంది సముద్రంలోనే పోయారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అంచనా. మలేషియా పక్కన పులావ్ బిడాంగ్ అనే చిన్న దీవి మీద 1979లో ఒక దశలో 40,000 మంది ఉన్నారు. నా క్లయింట్లలో 'ఎక్కడ పుట్టారు' అన్నచోట ఆ దీవి పేరు రాసేవాళ్ళున్నారు.

మీ ఫ్రిజ్‌లో కోడిపుంజు బొమ్మ ఉన్న శ్రీరాచా మిరపకాయ సాస్ సీసా ఉంటుంది కదా, నూడుల్స్‌లోకి. దాన్ని తయారుచేసిన డేవిడ్ ట్రాన్ ఈ విడతవాడే, చైనా మూలాలవాడు. ఆయన 'హుయ్ ఫాంగ్' అనే ఓడలో వియత్నాం వదిలి వచ్చాడు. 1978 చివర 3,000 మందికి పైగా శరణార్థులతో హాంకాంగ్ చేరి, దించుకుంటారో లేదో తెలియక వారాల తరబడి నీళ్ళ మీదే ఆగిపోయిన ఓడ అది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కంపెనీ పెట్టి దానికి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడు. సీసా మీద చదవండి, ఉంటుంది.

మూడో విడత గురించి చెప్పాలంటే మా ఇంటి ఓనరు గురించి చెప్పాలి.

మేం వచ్చిన కొత్తలో ఒక వియత్నాం దంపతుల ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఆయన్ని అందరూ 'బాక్ బా' అనేవాళ్ళు. బాక్ అంటే పెదనాన్న, బా అంటే మూడు. నిజానికి ఆయన ఇంట్లో రెండోవాడు. దక్షిణ వియత్నాంవాళ్ళు పెద్దబిడ్డని 'రెండు' అని మొదలుపెట్టి లెక్కపెడతారు, 'ఒకటి' ఎవరికీ ఇవ్వరు. ఎందుకని ఎంతమందిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. వాళ్ళ భాషలో మన 'నేను', 'మీరు' లాంటి అందరికీ సరిపోయే మాటలు రోజువారీ వాడకంలో లేనట్టే. ఎదుటివాళ్ళు నాన్న కంటే పెద్దయితే బాక్, చిన్నయితే చూ, అంటే బాబాయ్. నాన్న తోబుట్టువైన మేనత్త వేరు, అమ్మ తోబుట్టువైన పిన్ని వేరు, మేనమామ వేరు. ఇంగ్లీషులో 'అంకుల్' అనే ఒకే మాటలో అందర్నీ పడేయడం మనకెంత ఇబ్బందో వాళ్ళకీ అంతే. అందుకే వాళ్ళు పరిచయం కాగానే వయసు అడుగుతారు. మర్యాద తెలీక కాదు. వయసు తెలీకపోతే వాక్యం మొదలవదు.

బాక్ బా సైగాన్ సైన్యంలో కెప్టెన్. 1975 తర్వాత 'పునర్విద్య' అనే పేరుతో క్యాంపులో పెట్టారు. పదిరోజులకి సరిపడా సామాను తెచ్చుకోమన్నారట. ఏడేళ్ళుంచారు. ఇలా మూడేళ్ళకి పైగా క్యాంపుల్లో ఉన్నవాళ్ళని కుటుంబాలతో సహా తీసుకోవడానికి అమెరికా, వియత్నాం 1989లో ఒప్పుకున్నాయి. 1990 జనవరి నుంచి విమానాల్లో రావడం మొదలైంది. వీళ్ళని 'హెచ్.ఓ.' వాళ్ళంటారు. బ్యాచ్‌లకి నంబర్లుండేవి. ఇప్పటికీ ఇద్దరు ముసలాయనలు కలిస్తే, మన కాలేజీ బ్యాచ్ అడిగినట్టు, 'నువ్వు ఎన్నో హెచ్.ఓ.?' అని అడుగుతారు. 1975 వాళ్ళు పాతికా ముప్ఫై ఏళ్ళకి వచ్చి ఇంజనీర్లయ్యారు. వీళ్ళు యాభై దాటాక వచ్చి సెక్యూరిటీ గార్డులయ్యారు. ఇద్దరూ ఒకే సైన్యంలోవాళ్ళు. బాక్ బా ఒక ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు బోర్డులు అతికేవారు.

మా నాన్నగారు 1999 వేసవిలో వచ్చారు. ఆయన పాతకాలపు కమ్యూనిస్టు. మా ఇంట్లో సుందరయ్యగారి ఫోటో పక్కన హోచిమిన్ ఫోటో ఉండేది. అమెరికాని ఓడించిన బక్కపల్చని మనిషి అని నాన్న గర్వంగా చెప్పేవారు. మా చిన్నప్పుడు మా ఊళ్ళో సగం మందికి వియత్నాం అంటే అంతే, ఆ ఫోటోయే. ఒకరోజు బాక్ బా టీకి పిలిచారు. నేను మధ్యలో దుబాసీని. నాన్న ఎంతో ఉత్సాహంగా, 'మీ హోచిమిన్ అంటే మాకు దేవుడితో సమానం అని చెప్పు' అన్నారు. నేను నీళ్ళు నమిలాను. కానీ 'హోచిమిన్' అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే కదా, ఆయనకి అర్థమైపోయింది.

బాక్ బా ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళారు. అయిపోయింది, ఇక ఇల్లు వెతుక్కోవాల్సిందే అనుకున్నాను. ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. అందులో మడతల దగ్గర చిరిగి, టేపు అతికించిన ఒక కాగితం. టైపు చేసిన వరసలు, కింద ఎర్ర సీలు. క్యాంపు నుంచి విడుదల పత్రం. అది లేకపోతే హెచ్.ఓ.లో దరఖాస్తే లేదు, కాబట్టి ప్రతి కుటుంబమూ దాన్ని ప్రాణంలా దాచుకునేది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క అక్షరం తెలియకపోయినా, మొత్తం చూశారు. జైలు కాగితం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఎమర్జెన్సీలో ఆయనా పద్దెనిమిది నెలలు లోపలున్నారు. 'ఎన్నేళ్ళు?' అని వేళ్ళతో అడిగారు. బాక్ బా ఏడు వేళ్ళు చూపించారు. నాన్న ఒక వేలు చూపించి, రెండో వేలు సగం మడిచారు.

ఇద్దరూ 1975లోనే లోపలికెళ్ళారు. ఒకరు ఎర్ర జెండా పట్టుకున్నందుకు, ఇంకొకరు పట్టుకోనందుకు. తర్వాత రెండు నెలలు ఇద్దరూ రోజూ సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళేవారు. ఏ భాషలో ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. హోచిమిన్ ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. నాన్న తిరిగి వెళ్ళాక ఫోటో తీసేశారా అంటే తీయలేదు. ఇప్పటికీ ఉంది.

నాలుగో విడత 1995లో రెండు దేశాలకీ మళ్ళీ దౌత్య సంబంధాలు మొదలయ్యాక వచ్చినవాళ్ళు. అన్నదమ్ములు పిటిషన్ వేస్తే వచ్చినవాళ్ళు, పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చినవాళ్ళు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. వీళ్ళు పుట్టిందే ఎర్ర జెండా కింద. ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే అదే పట్టుకుని గంతులేస్తారు. ఒకే నెయిల్ షాపులో 1980 పడవ ఆవిడా, 2015 కోడలూ పక్కపక్క కుర్చీల్లో పనిచేస్తూ రాజకీయం తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. ఐరోపాలోనైతే కథ ఇంకో రకం. తూర్పు జర్మనీకీ, చెకోస్లొవేకియాకీ వెళ్ళినవాళ్ళు సోషలిస్టు దేశాల మధ్య ఒప్పందం మీద ఫ్యాక్టరీ కూలీలుగా వెళ్ళారు. ప్రాగ్‌లో సాపా మార్కెట్‌కి, బెర్లిన్‌లో డాంగ్ సువాన్ సెంటర్‌కి వెళ్ళి ఎర్ర జెండా చూపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మీ పాట్‌లక్ అక్కడ జరిగి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు.

నెయిల్ షాపుల సంగతి. అందరికీ కాదు, కానీ మీకలా అనిపించడం సహజం. కాలిఫోర్నియాలో గోళ్ళ పని చేసేవాళ్ళలో నూటికి ఎనభై మంది దాకా వియత్నాం వాళ్ళేనంటారు. దీనికి మూలం 1975లో శాక్రమెంటో దగ్గరి ఒక శరణార్థి శిబిరం. హాలీవుడ్ నటి టిప్పీ హెడ్రెన్ అక్కడ సాయం చేయడానికి వెళ్ళేది. ఆడవాళ్ళకి కుట్టుపని, టైపింగ్ నేర్పిద్దామనుకుంది. వాళ్ళేమో ఆమె గోళ్ళు చూసి ముచ్చటపడ్డారు. దాంతో తన గోళ్ళు దిద్దే మానిక్యూరిస్టునే తెచ్చి ఇరవై మందికి నేర్పించింది. కథ బాగుంది, నిజమే కూడా. కానీ ఇరవై మందితో ఇంత పెద్ద వ్యాపారం ఎలా లేచిందంటే, అది నా లాంటి లెక్కలవాళ్ళు చెప్పాలి.

కాలిఫోర్నియాలో మానిక్యూరిస్టు లైసెన్సుకి 400 గంటల శిక్షణ చాలు. అంటే మూడు నాలుగు నెలలు. జుట్టు పనికి 2021 దాకా ఎన్నో రెట్లు కావాల్సి వచ్చేది. 1996 నుంచి పరీక్ష వియత్నామీస్‌లోనే రాయొచ్చు. అక్క పనిచేసే షాపులో చెల్లెలు నేర్చుకుంటుంది, రెండేళ్ళకి ఇద్దరూ కలిసి ఇంకో ఊళ్ళో షాపు తెరుస్తారు, పనివాళ్ళు మళ్ళీ చుట్టాలే. ఒకప్పుడు సినిమా తారలు యాభై డాలర్లు పెట్టి చేయించుకునే పనిని ఇరవైకి దించేసరికి, స్కూల్ టీచర్లూ నర్సులూ వరసకట్టారు. వచ్చినదాంట్లో పనిచేసేవాళ్ళకి అరవై, ఓనరుకి నలభై వంతున పంచుకుంటారు. జీతం సగం చెక్కు, సగం క్యాష్ అడగడం మామూలు. ఇక్కడే నాకూ వాళ్ళకీ గొడవ. చెక్కులో చూపించిందే సోషల్ సెక్యూరిటీకి లెక్క. ముప్ఫై ఏళ్ళు వంగి పనిచేసి, అరవై ఆరేళ్ళకి నెలకి ఏడెనిమిది వందల డాలర్ల పెన్షన్ కాగితం చూసి నా ముందు ఏడ్చినవాళ్ళున్నారు. ఆ రసాయనాల వాసనకి తలనొప్పులు, దగ్గు, చర్మం పగుళ్ళు సరేసరి. పిల్లల్ని మాత్రం ఎవరూ ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. ఫార్మసీ చదివిస్తారు.

మరి షాపు పెట్టడానికి పెట్టుబడి ఎక్కడిది? బ్యాంకు క్రెడిట్ హిస్టరీ అడుగుతుంది, పడవలో వచ్చినవాడికి అదెక్కడుంటుంది. దీనికి సమాధానం మీకు అమెరికా పుస్తకాల కంటే మన ఊరే బాగా చెప్తుంది. చీటీ పాట! వాళ్ళు 'హుయి' అంటారు. మొదటిసారి ఒక క్లయింటు నాకు హుయి అంటే ఏంటో పావుగంట వివరించబోతే, మధ్యలో ఆపి మిగతాది నేనే చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది.

ఇరవై మంది, నెలకి ఐదొందల డాలర్లు అనుకోండి. నెలకోసారి ఎవరింట్లోనో ఫో (నూడుల్స్ సూప్) తాగి, చిన్న కాగితాల మీద పాట రాసి మడిచి ఇస్తారు. అరవై అని రాసినావిడదే పెద్ద పాట అయితే ఆ నెల డబ్బు ఆవిడది. ఇంకా పాడనివాళ్ళు నాలుగొందల నలభై కడతారు. ఇంతకు ముందే ఎత్తుకున్నవాళ్ళు పూర్తి ఐదొందలూ కట్టాలి. పాడనిది 'బతికున్న హుయి', పాడేసింది 'చచ్చిన హుయి' అంటారు. మన చీటీలో తగ్గింపు అందరికీ పంచుతాం, వీళ్ళు బతికున్నవాళ్ళకే ఇస్తారు. చివరిదాకా ఓపిక పట్టినవాడికి అందుకే లాభం ఎక్కువ. నడిపే ఆవిడ కమిషన్ తీసుకుంటుంది, ఎవరైనా ఎగ్గొడితే పూచీ ఆవిడదే. నోటు ఉండదు, సంతకం ఉండదు, పరువే పూచీకత్తు. ఒక్కోసారి నడిపేవాళ్ళే ఎత్తేస్తారు. దాన్ని 'హుయి లాక్కుపోయారు' అంటారు. 2000ల మొదట్లో మా ప్లాజాలో ఒకావిడ అలా మాయమైంది. నెలరోజులు ఆ బాన్ మీ కొట్టులో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. మీరు చేరాలా అని అడిగితే, వద్దు. నమ్మకం లేక కాదు. వాళ్ళకి ఒకరి ముత్తాతలు ఒకరికి తెలుసు, మీకు తెలీదు.

ఊరి రాజకీయాల గురించి రెండు ముక్కలు. 2007లో స్టోరీ రోడ్డు మీది దుకాణాల వీధికి పేరు పెట్టాల్సి వచ్చింది. చాలామంది 'లిటిల్ సైగాన్' కావాలన్నారు. ఆ వార్డు కౌన్సిలర్ మాడిసన్ నూయెన్, శాన్ హోసే కౌన్సిల్‌కి ఎన్నికైన మొదటి వియత్నాం మనిషి, 'సైగాన్ బిజినెస్ డిస్ట్రిక్ట్' అన్నారు. బయటివాడికి రెండింటికీ తేడా ఏంటో అర్థం కాదు. వాళ్ళకి 'లిటిల్ సైగాన్' అంటే పోయిన రాజధాని, ఇంకోటి ఉత్త వ్యాపారం. సిటీ హాల్ ముందు వారాల తరబడి నిరసనలు, ఒకాయన నిరాహార దీక్ష. పేరు కోసం దీక్ష చేయడం మన తెలుగువాళ్ళకి వింతగా ఉండక్కర్లేదు. 2009లో ఆమెని పదవి నుంచి దించడానికి ఓటింగ్ కూడా పెట్టారు. ఆమె గెలిచింది. లిటిల్ సైగాన్ బ్యానర్లూ వచ్చాయి.

ఇప్పుడు మీ పనులు. కొలీగ్‌కి పెద్ద క్షమాపణ ఈమెయిల్ రాయకండి, ఆఫీసంతా సీసీలో పెట్టి అసలు రాయకండి. కాఫీ తాగేటప్పుడు, 'ఆ రోజు జెండా సంగతి నాకు తెలీదు. మీ అమ్మగారు వాళ్ళు ఎప్పుడు వచ్చారు?' అని అడగండి చాలు. ఆవిడ 'డెబ్భై ఐదు' అంటే ఒక కథ వింటారు, 'ఎనభై ఒకటి' అంటే ఇంకో కథ. 'నాకు సరిగ్గా తెలీదు, అమ్మ చెప్పదు' అంటే ఇంక తరచి అడక్కండి. పడవలో ఏం జరిగిందో పిల్లలకి చెప్పని తల్లులు చాలామంది ఉన్నారు.

పక్కింటాయన తెత్ పండగ చాంద్రమానం ప్రకారం కొత్త సంవత్సరం. సాధారణంగా మన మాఘ శుద్ధ పాడ్యమి దగ్గర్లో పడుతుంది. వేళ అడిగి వెళ్ళండి. ఏడాదిలో మొదటగా గుమ్మం దాటినవాళ్ళ అదృష్టమే ఆ ఇంటికి ఏడాదంతా అని నమ్మకం. అందుకే ఆ మొదటి మనిషి ఎవరో ముందే అనుకుని ఉంటారు. పొద్దున్నే ఏడింటికి చెప్పాపెట్టకుండా తలుపు కొట్టకండి. తెల్లబట్టలు వద్దు, వాళ్ళకి అది చావు రంగు. పిల్లలకి ఎర్ర కవర్లలో కొత్త నోట్లు పెట్టివ్వాలి. రెండు డాలర్ల నోటంటే వాళ్ళకి మహా ఇష్టం, బ్యాంకులో ముందే అడిగి తెచ్చుకోండి. మీ పిల్లలకీ వస్తాయి, రెండు చేతులతో తీసుకోమని చెప్పండి.

తిండి. మీరు నేర్చుకోవాల్సిన మాట 'చాయ్'. బోర్డు మీద అది చూసి నేను కొత్తలో టీ కోసం వెళ్ళాను. చాయ్ అంటే వాళ్ళకి శాకాహారం. బౌద్ధులు చాలామంది చాంద్రమాసం మొదటి రోజున, పౌర్ణమినాడు మాంసం ముట్టరు. ఊళ్ళో చాయ్ హోటళ్ళు ఆ రెండు రోజులూ కిటకిటలాడతాయి. మీ పక్కింటివాళ్ళు బౌద్ధులై, మీరు పండగ మొదటి రోజు వెళ్తే మీ అదృష్టం, అన్నీ చాయే ఉండొచ్చు. క్యాథలిక్కులైతే (ఇక్కడివాళ్ళలో చాలామంది క్యాథలిక్కులే) ముందే చెప్పండి. బాన్ తెత్ అని అరటాకులో చుట్టి ఉడికించిన జిగట బియ్యం ముద్ద పెడతారు. లోపల పెసరపప్పు ఉంటుంది, దాని మధ్యలో పంది మాంసం ఉంటుంది. పెసరపప్పు చూసి మోసపోకండి. అరటిపండు పెట్టి చేసింది కూడా ఉంటుంది, అది తినొచ్చు. కూరగాయల వేపుడైనా సరే, 'నుక్ మామ్' వేశారా అని అడగండి, అది చేపల రసం. ఫో అయితే బొక్కల పులుసు.

చివరగా తీసుకెళ్ళేది. మనం అలవాటు కొద్దీ కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకెళ్తాం. కొబ్బరికాయ చాలా మంచిది. మామిడి, బొప్పాయి, సీతాఫలం కూడా. దక్షిణాదివాళ్ళు ఆ నాలుగింటి పేర్లూ వరసగా పలికితే 'ఖర్చుకి సరిపడా దొరకాలి' అన్నట్టు వినిపిస్తుంది, అందుకే పూజ పళ్ళెంలో పెడతారు. అరటిపండు పేరు మాత్రం వాళ్ళకి 'కిందికి కూలడం'లా వినిపిస్తుంది. ఉత్తరాది మూలాలవాళ్ళయితే అదే అరటి గెలని పళ్ళెం మధ్యలో పెట్టుకుంటారు. మీ పక్కింటాయన ఏ ప్రాంతమో తెలిసేదాకా అరటిపళ్ళు ఇంట్లోనే ఉంచండి. చెప్పులు గుమ్మం బయట విడవాలని మీకు చెప్పక్కర్లేదనుకోండి.